కంపెనీ వాళ్ళు పెట్టనిది

జనవరి 11

బావా,

క్షేమమేనా అని అడిగితే "కాకపోతే వచ్చి తోస్తావా" అంటావు, అందుకని అడగను. నేను బాగానే ఉన్నాను. ఏడాదికి రెండు ఉత్తరాలు రాసే మనిషి లెక్కలో లేనిది ఒకటి రాస్తున్నాడంటే ఏదో పని పడిందని నీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. పడింది.

నేను పనిచేసే షెడ్డు గురించి నీకెప్పుడూ సరిగ్గా రాయలేదు. పాత లారీలు, కార్లు తెచ్చి, కంపెనీ గేటు దాటిన రోజున ఎలా ఉన్నాయో మళ్ళీ అలా చేసి పెట్టడం మా పని. వాటి కోసం ఓనరు గారు పెద్ద హాలు కట్టించారు. నేలంతా పాలరాయి, ఒక్కో బండి చుట్టూ ఎర్ర తాడు. ఆయన నోట వినిపించే మాట ఒక్కటే, ఒరిజినల్. హెడ్‌లైటు గాజు మూలన కంపెనీ ముద్ర, తయారైన సంవత్సరం కనిపించకపోతే ఆ గాజు ఎంత తళతళలాడినా పక్కన పెట్టాల్సిందే. ఒక్క తలుపు పిడి కోసం మూడు నెలలు పాత సామాను కొట్లన్నీ గాలించాను. దొరికిన రోజున దాన్ని జేబులో వేసుకుని ఇంటికెళ్తే మా ఆవిడ "పిడి సరే, తలుపేదీ?" అంది.

ఇక అసలు సంగతి. పోయిన వారం ఇటుక బట్టీ వెనక పడి ఉన్న లారీని ఒకదాన్ని తెచ్చారు. పొడుగు ముక్కు బండి, మన బండి మోడలే. టైర్లు లేవు, అద్దాలు లేవు, రేడియేటరు వెనక పిచ్చుక గూడు. పైన నీలం రంగు. ఎన్ని రంగులు మారిందో తెలుసుకోవడానికి మేము తలుపు మీద చొక్కా గుండీ అంత మేర ఎమ్రీ పేపరుతో రుద్దుతాం. పొరలన్నీ ఒకదాని చుట్టూ ఒకటి రింగుల్లా బయటపడతాయి. నీలం కింద ఎరుపు, ఎరుపు కింద సీసా ఆకుపచ్చ, దాని కింద కంపెనీ బూడిద రంగు. ఆ ఆకుపచ్చ కనిపించగానే నా చెయ్యి ఆగిపోయింది బావా. పెయింటు కొట్లో గంటసేపు నిలబడి అక్క ఏరిన ఆకుపచ్చ.

అలాంటి లారీలు లోకంలో సవాలక్ష ఉంటాయని నాకూ తెలుసు. కానీ అమ్మ పోయాక నన్ను పెంచింది అక్క, అక్కతో పాటు ఆ బండీనూ. అక్క పోయి పంతొమ్మిదేళ్ళయినా ఆ రంగు చూస్తే చిన్నపిల్లాణ్ణయిపోతాను. బండి పేరు పలక ఊడిపోయింది. ఛాసిస్ మీద కొట్టిన నంబరు తుప్పు కింద ఉంది, తీయడానికి వారం పడుతుంది. ఈలోగా మన బండి ఛాసిస్ నంబరు రాసి పంపు. ఆర్‌సీ బుక్కు బండితో పాటే పోయిందిగా. అమ్మేటప్పుడు నన్నొక్క మాట అడిగి ఉంటే నేనైనా రాసి పెట్టుకునేవాణ్ణి. సరే, ఇప్పుడా గోలెందుకు.

నీ బామ్మర్ది


జనవరి 19

ఒరేయ్ నట్టూ,

నీకు పెళ్ళయినా, జుట్టు నెరిసినా నాకు నువ్వు నట్టువే. మీ అక్క పెట్టిన పేరు మార్చే హక్కు నాకు లేదు. మా మంచం బోల్టులన్నీ నువ్వు విప్పేస్తే, నేనూ ఆమే ధబీమని కింద పడ్డ రోజున పెట్టిన పేరు అది. నీకప్పుడు ఎనిమిదేళ్ళు. తిట్టబోతే మీ అక్క అడ్డుపడి "వాడు విప్పిన తీరు చూడండి, ఒక్క బోల్టుకీ గీత పడలేదు" అంది.

నంబరు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. 16089. పదిహేడేళ్ళ పాటు రోజూ పొద్దున్నే బానెట్ ఎత్తి, ఆయిలు చూసి, దానికి కూడా ఒక చూపు పడేసి బండి తీసేవాణ్ణి. పెళ్ళి రోజు మర్చిపోయి మీ అక్క చేత మాటలు పడ్డాను గానీ ఆ నంబరు మర్చిపోలేదు.

నేనిప్పుడు లారీలు తూచే కాటా దగ్గర పనిచేస్తున్నానని రాశానా? పొద్దున ఆరింటికి వచ్చి కిటికీ దగ్గర కూర్చుంటాను. లారీ ఎక్కుతుంది, ముల్లు ఊగి ఆగుతుంది, చీటీ రాసిస్తాను, లారీ దిగుతుంది. ఇప్పటి డ్రైవర్లు నన్ను కాటా తాత అంటారు. నేనూ నడిపానురా అంటే అవునా తాతా అని నవ్వి చీటీ లాక్కుని పోతారు. లారీల మధ్యే ఉంటాను, ఒక్కటీ నాది కాదు. పెళ్ళివారింట్లో పిలవని చుట్టంలా ఉంటుంది నా పని.

అది మన బండే అయితే నాకు ఇంకేమీ వద్దు. మీ ఓనరు తాడు కట్టేలోగా ఒక్కసారి ఎక్కి కూర్చోవాలి. పది నిమిషాలు చాలు.

అమ్మిన సంగతి ఎత్తావు. ఎత్తకు.

నీ బావ


ఫిబ్రవరి 2

బావా,

గాలి తీసేసినట్టయింది. తుప్పు తీశాను, నంబరు బయటపడింది. 68091. భూతద్దం పెట్టి మూడుసార్లు చూశాను, పెయింటరు చేత కూడా చదివించాను. మన నంబరులో మధ్య సున్నా తప్ప ఒక్క అంకె కలవలేదు. ఇది మన బండి కాదు.

ఒక రకంగా మంచిదే అనుకుంటున్నాను. ఇది అక్క ఎక్కిన బండి అనుకుని పది రోజులు దానికి స్పానరు పెట్టడానికి చేతులు రాలేదు. ఇప్పుడు అందరి బండ్లలాగే ఇదీ ఒక బండి. మూడు రోజుల్లో క్యాబినంతా ఊడదీశాను. పాత రంగు గీకి కంపెనీ బూడిద రంగుకి సిద్ధం చేశాను. సీట్ల స్ప్రింగులు ఒరిజినలే, ఆశ్చర్యం. వైపరు మోటారు, స్పీడు మీటరు దొరకాలి. హెడ్‌లైటు రింగు ఒకటి దొరికింది, రెండోది ఎవరి గోడకో అద్దం చుట్టూ బిగించి ఉందట, బేరం నడుస్తోంది.

నిన్ను నవ్వించడానికి ఒకటి చెప్పాలి. పక్క సీటు ముందు ఫ్లోరు మీద ఎవడో మహానుభావుడు ఒక చెక్క పీటను నాలుగు బోల్టులతో బిగించాడు. ఏ మిషను వచ్చిన ప్యాకింగు పెట్టెనో కోసి చేసినట్టున్నాడు. దాని మీద "ఈ వైపు పైకి" అని అక్షరాలు, బాణం గుర్తు ఉన్నాయి. ఆ బాణం నేల చూస్తోంది! బోల్టుల్లో మూడు ఒక సైజు, నాలుగోది ఇంకో సైజు. తలా తోకా తెలియని వెధవ ఎవడో అని షెడ్డంతా పడీ పడీ నవ్వుకున్నాం. పీకి పక్కన పడేశాను.

నీకు అనవసరంగా ఆశ పెట్టాను. తప్పు నాదే.

నీ బామ్మర్ది


ఫిబ్రవరి 9

నట్టూ,

ఆ తలా తోకా తెలియని వెధవని నేనే.

చేస్తున్న పని ఆపు. ఆ పీట ఎక్కడ పడేశావో అక్కడికి వెళ్ళి తీసుకురా. మిగతా ఉత్తరం తర్వాత చదవొచ్చు.

తెచ్చావా? ఇప్పుడు కొలిచి చూడు. పొడవు మూర, ఎత్తు జానెడుకి కాస్త తక్కువ. మీ అక్క నా భుజం దాకా కూడా వచ్చేది కాదు కదా. సీట్లో కూర్చుంటే కాళ్ళు నేలకి అందేవి కావు. గతుకుల రోడ్డు మీద రోజంతా వేలాడి సాయంత్రానికి పాదాలు వాచిపోయేవి. నోరు తెరిచి చెబితేగా? ఒక రోజు బండి దిగి, చెప్పులు కాళ్ళకి పట్టక చేత్తో పట్టుకుని నడుస్తుంటే చూశాను. మర్నాడే పీట చేసి బిగించాను. నువ్వెప్పుడూ వెనక లోడు మీదే ఎక్కేవాడివి, అందుకే అది నీ కంట పడలేదు. మూడు బోల్టులే దొరికాయి. నాలుగోది మా మంచానిది, నీ నిక్కరు జేబులో దొరికింది.

మీ అక్క ఎక్కి, కాళ్ళు పెట్టుకుని, వంగి చూసింది. "ఈ వైపు పైకి అని రాసుంది, మీరేమో కిందికి పెట్టారు" అంది. విప్పి మళ్ళీ పెడతానంటే ఒప్పుకోలేదు. "ఉండనివ్వండి. ఎక్కడున్నా ఇది మీరు బిగించిందే అని తెలుస్తుంది" అంది.

అందుకని నంబరు సంగతి నాకు చెప్పకు. కలవకపోతే నంబరుదే తప్పు. నువ్వు ఒరిజినల్ ఒరిజినల్ అని రాశావు. ఏది ఒరిజినల్‌రా? కంపెనీ వాళ్ళు గేటు దాటించిన రోజా, మీ అక్క కాలు పెట్టిన రోజా? నా లెక్కలో ఆ రోజుకి ముందు అది బండే కాదు, ఇనప సామాను.

పీట ఉందని ఒక్క ముక్క రాసి వెంటనే పోస్టులో వెయ్యి.

బావ


ఫిబ్రవరి 20

బావా,

ఎలా రాయాలో తెలియడం లేదు. పీట లేదు. నీ ఉత్తరం వచ్చేసరికే మా వాళ్ళు దాన్ని పగలగొట్టి టీ పొయ్యిలో పెట్టేశారు. బూడిద కూడా మిగల్లేదు.

అయినా నువ్వు అనుకుంటున్నట్టు కాదు. అలాంటి పీటలు, బల్లలు చాలా లారీల్లో చూశాను. నీ పీటే అని ఒప్పుకున్నా, ఆ కాలపు బండ్లలో ఒకదాని క్యాబిను ఎత్తి ఇంకోదాని మీద పెట్టడం మామూలు. మా పనిలో మొట్టమొదట నేర్పేది అదే, ఛాసిస్ ఏదైతే బండి అదే. మనుషులు మర్చిపోతారు, కలిపి చెబుతారు, నంబరు మాత్రం అబద్ధం ఆడదు. నీకు ఎక్కి కూర్చోవాలని ఉంది. అందుకే నీ కంటికి అది మన బండిలా కనిపిస్తోంది. నాకూ మొదట అలాగే కనిపించింది.

ఇంకొకటి. రాయకూడదనుకుంటూనే రాస్తున్నాను. ఒక చెక్క ముక్క మీద నీకింత ప్రేమ ఉంటే, బండినే ఎందుకు అమ్మావు? అక్క పోయి మూడు నెలలు కాలేదు. నాకు లైసెన్సు వచ్చి వారం. తాళాల కోసం నీ గుమ్మంలోకి వచ్చేసరికి వాకిట్లో ఆయిలు మరకలే ఉన్నాయి. అక్క బండిని ముక్కూ మొహం తెలియనివాళ్ళకి ఇచ్చావు గానీ నాకు ఇవ్వలేదు. ఆ బండి నా దగ్గరుంటే అక్క నా దగ్గరున్నట్టుండేది. ఈ మాట పంతొమ్మిదేళ్ళుగా నా గొంతులోనే ఉంది.

నీ బామ్మర్ది


ఏప్రిల్ 3

బావా,

ఆరు వారాలైంది. నువ్వు అలిగితే రెండు రోజులు, మరీ గట్టిగా అలిగితే నాలుగు. ఇన్నాళ్ళు ఎప్పుడూ లేదు. ఒంట్లో బాగుందా? కాటా దగ్గర ఎవరికైనా చెప్పి ఒక్క ముక్క రాయించినా చాలు.

నీతో చెప్పాల్సింది ఒకటుంది. నిన్న ఇంజను బిగిస్తుంటే చేతిలోంచి ఒక వాషరు జారి అవతల ఛాసిస్ పట్టీ మీద పడింది. కుడివైపు ఒక కారు ఆనించి పెట్టారు, వెళ్ళే దారి లేదు. సరే అని ఎడమ మడ్‌గార్డు మీద బోర్లా పడి, ఇంజను మీదుగా తల వంచి చెయ్యి చాపాను. వాషరు దొరికింది. దాని పక్కనే నంబరు ఉంది.

16089.

నాకు కళ్ళు తిరిగాయనుకున్నాను. దిగి, కారుని పక్కకి తోయించి, కుడివైపు వెళ్ళి చూశాను. 68091. మళ్ళీ ఎడమవైపు వచ్చి మడ్‌గార్డు మీద పడుకున్నాను. 16089. ఆరు తొమ్మిదైంది, తొమ్మిది ఆరైంది, ఎనిమిదీ సున్నా ఒకటీ ఎటు నుంచి చూసినా అవే. నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగేసరికి పెయింటరు "ఏం పోగొట్టుకున్నావు?" అన్నాడు. పోగొట్టుకోలేదు, దొరికింది అన్నాను.

ఆయిలు చూసే కడ్డీ ఎడమవైపే కదా. పదిహేడేళ్ళూ నువ్వు ఎడమ మడ్‌గార్డు మీద పడుకునే చూశావు. నంబరుని తలకిందులుగా చదివి, తలకిందులుగానే కంఠస్థం చేశావు. పీట బాణం ఎలా పెట్టావో నంబరూ అలాగే చదివావు. నువ్వు బావవి కాకపోతే ఎవరవుతారు?

నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ చేశాను. అది మన బండి బావా. మన బండిని నా చేతుల్తోనే ఊడదీశాను. అక్క ఏరిన రంగుని గీకేసింది నేనే. అక్క కాళ్ళు పెట్టుకున్న చెక్కని పొయ్యిలో పెట్టనిచ్చిందీ నేనే. ఆ మంట మీద కాగిన టీ నేను కూడా తాగాను.

తిట్టు. ఏం రాసినా పడతాను. రాయడం మాత్రం మానకు.

నట్టు


ఏప్రిల్ 14

నట్టూ,

ఒంట్లో బాగానే ఉంది. కోపం కూడా లేదు. నాలుగుసార్లు కాగితం తీశాను. కాటా ఖాళీగా ఉన్నప్పుడు రాయడం మొదలుపెడతాను, ఏదో లారీ వచ్చి హారను కొడుతుంది, నాకూ అదే కావాలన్నట్టు కాగితం మడిచేస్తాను. పీట కాలిపోయినందుకు బాధ పడ్డాను, నిజమే. కానీ నన్ను ఆపింది అది కాదు, నువ్వు చివర్లో అడిగింది. దానికి జవాబు చెప్పాలంటే మీ అక్కకిచ్చిన మాట తప్పాలి. ఆరు వారాలు ఆలోచించి తప్పుదామనే నిర్ణయించుకున్నాను.

ఆస్పత్రిలో ఆఖరి వారం. ఆమెకి అన్నీ తెలుసు, మనమే తెలియనట్టు నటించాం. ఒక రోజు మధ్యాహ్నం నువ్వు మందులకని బయటికెళ్ళావు. "బండి వాడికివ్వకండి" అంది. "దూరంగా, తెలియనివాళ్ళకి అమ్మేయండి. వాడి చేతికి విప్పడం, బిగించడం తెలుసు. ఆ చేతుల్ని స్టీరింగుకి కట్టేస్తే పాడైపోతాయి. కళ్ళెదుట బండి ఉంటే వాడు ఆగడు."

అయితే ఆ సంగతి నువ్వే వాడికి చెప్పు అన్నాను.

"నేను చెబితే నా మీద కోపం పెట్టుకుంటాడు. నేను పోయాక వాడు నా మీద కోపంగా ఉండటం నాకిష్టం లేదు. మీ మీద ఉండనివ్వండి, మీకు అలవాటే" అంది. ఆ మాట అని నవ్వింది కూడా. ఆఖరి వారంలో ఆమె నవ్వింది ఆ ఒక్కసారే, అదీ నన్ను చూసి.

నాకూ బండి వదులుకోబుద్ధి కాలేదురా. అమ్మిన రోజున కొన్నవాడు గేరు వేసి రోడ్డెక్కిస్తుంటే, వెనకాలే మలుపు దాకా నడిచాను. నువ్వు తాళాలకి వచ్చి ఆయిలు మరకలు చూస్తుంటే నేను తలుపు వెనకే ఉన్నాను. బయటికి వస్తే చెప్పేస్తానని రాలేదు.

ఇప్పుడు చెప్పేశాను. ఆమెకి కోపం వస్తే నా మీదే రానీ, అలవాటే. నువ్వు మాత్రం నీ చేతులు చూసుకో. ఇటుక బట్టీ వెనక పిచ్చుకలు గూడు కట్టిన బండిని మళ్ళీ బండిని చేస్తున్న చేతులవి. మీ అక్క అన్నది తప్పు కాలేదు.

నంబరు సంగతి చదివి కాటా గదిలో ఒక్కణ్ణే ఎంతసేపు నవ్వానో. డ్రైవర్లు కిటికీలోంచి తొంగి చూసి, తాతకి మతి పోయిందనుకున్నారు. పదిహేడేళ్ళు తలకిందులుగా చదివానని ఒక్కసారైనా తట్టలేదు చూడు!

బావ


ఏప్రిల్ 25

బావా,

నీ ఉత్తరం షెడ్డు వెనక టైర్ల మీద కూర్చుని చదివాను. ఎవరూ చూడకుండా ఏడుద్దామని వెళ్ళాను గానీ పెయింటరు వచ్చి పక్కన కూర్చున్నాడు. పంతొమ్మిదేళ్ళు నీకు పొడి పొడి ఉత్తరాలు రాశాను. క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను, ఇంతే. ఆ ఉత్తరాలన్నీ వెనక్కి తీసుకోవడానికి వీలుంటే తీసుకునేవాణ్ణి. అక్క అలా అందా బావా? నా చేతుల గురించి అలా అందా? ఇంతకాలం ఆమెకి నా గురించి ఏమీ చెప్పాలనిపించలేదని అనుకున్నాను.

బండి తయారైంది. స్పీడు మీటరు కూడా ఒరిజినలే దొరికింది. రంగు బూడిదే వేయాల్సి వచ్చింది, ఓనరు గారిది ఆ బండి, ఆయన మాట నేను కాదనలేను. పీట మళ్ళీ చేద్దామని పాత చెక్క కూడా తెచ్చాను. కోయబోయి ఆగిపోయాను. నేను చేస్తే అది నకిలీ అవుతుంది. ఫ్లోరులో ఆ బోల్టుల కన్నాలు నాలుగూ మాత్రం పూడ్చలేదు. రబ్బరు మ్యాటు కింద ఉన్నాయి, నీకూ నాకూ తప్ప తెలియదు.

ఓనరు గారితో అంతా చెప్పాను. ఆయన అద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "హాల్లోకి తోసేది పదకొండో తారీఖున. పదో తారీఖు పొద్దున మీ ఇష్టం" అన్నారు. ఆ తర్వాత తాడు కడతారు, నేను కూడా ముట్టుకోకూడదు.

రా బావా. డీజిలు పోసి పెడతాను. స్టీరింగు నీదే. షెడ్డు వెనక పెద్ద ఖాళీ జాగా ఉంది, ఎన్ని రౌండ్లు కావాలంటే అన్ని తిప్పు.

నీ నట్టు


మే 12

నట్టూ,

ఇల్లు చేరాను. బస్సు డ్రైవరు గుంట ఎక్కడుందా అని వెతికి వెతికి మరీ అందులో దింపాడు. మీ ఆవిడ కట్టిచ్చిన అన్నం దారిలో తిన్నాను. నీకు దొరికిన ఒరిజినల్ పార్టుల్లో ఆమెని మించింది లేదని చెప్పు.

మొన్న నన్ను చూసి భయపడ్డావు. నీళ్ళన్నావు, డాక్టరన్నావు. నాకేమీ కాలేదు, అసలు సంగతి అప్పుడు చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

నువ్వు డ్రైవరు తలుపు తెరిచి పట్టుకుని నిలబడితే నేను చుట్టూ తిరిగి అవతలి వైపు ఎక్కాను. "బావా, స్టీరింగు ఇటు" అన్నావు. నువ్వే నడపరా అన్నాను. నీకు ఇవ్వని బండి ఇప్పుడు ఇస్తున్నాననుకుని కళ్ళు తుడుచుకున్నావు. అదీ ఉంది, కాదనను. బాగా నడిపావు, క్లచ్ మీద కాలు ఆనించే అలవాటు ఒక్కటి మానుకో. కానీ నాకు ఇంకో పనుంది. పదిహేడేళ్ళు ఆ బండి నడిపాను, ఆ పక్క సీట్లో ఒక్క రోజు కూడా కూర్చోలేదు. మీ అక్క సీటు ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

మొదటి రౌండు మామూలుగా కూర్చున్నాను. నేను పొడుగు మనిషిని కదా, బానెట్ మీదుగా దారంతా కనిపించింది. రెండో రౌండులో నడుము కిందికి జార్చి, మీ అక్క తల ఎంతవరకు వచ్చేదో గుర్తు చేసుకుని, సరిగ్గా ఆ ఎత్తుకి దిగాను. అప్పుడే నువ్వు కళ్ళు తిరిగి పడిపోతున్నాననుకుని బ్రేకు వేశావు.

మీ అక్కకి ఊళ్ళు చూడటం ఇష్టమనుకున్నానురా. ఇంట్లో కూర్చోలేక, నాలుగు ఊళ్ళు చూద్దామని బండెక్కుతోందనుకున్నాను. ఎదురుగా కొండ వస్తే, నది వస్తే "చూశావా!" అనేవాణ్ణి, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా. "చూస్తున్నాను" అనేది. ప్రతిసారీ అదే మాట.

ఆ ఎత్తు నుంచి రోడ్డు కనిపించదు. ఎదురుగా డ్యాష్‌బోర్డు ఉంటుంది, దాని మీద బానెట్, ఆ పైన బెత్తెడు ఆకాశం. పక్క కిటికీ అంచు తల మీదికి వస్తుంది. కొండ లేదు, నది లేదు, ఏ ఊరూ లేదు. తల తిప్పితే నువ్వు కనిపించావు, రెండు చేతులా స్టీరింగు పట్టుకుని, ముందుకి చూస్తూ. ఆ సీట్లో కూర్చున్న పొట్టి మనిషికి డ్రైవరు తప్ప చూడటానికి ఇంకేమీ లేదు.

పదిహేడేళ్ళు ఏం చూస్తూ కూర్చుందో మొన్న తెలిసింది. చూస్తున్నాను అంటే నిజమే చెప్పింది. నేనే, మంచి డ్రైవరునన్న గొప్పతో, ఒక్కసారి కూడా పక్కకి తిరిగి చూడలేదు.

చూసి ఉండాల్సిందిరా.

బావ